కటాఫ్ ఎవరి కోసం? కామ్రేడ్స్ మారథాన్ కథ

స్పోర్ట్స్ హిస్టరీ మీద ఒక ఎపిసోడ్ చెయ్యమని చాలా రోజులుగా కామెంట్స్‌లో అడుగుతున్నారు కదా, ఇవాళ అదే. కానీ క్రికెట్ కాదు, ఒలింపిక్స్ కూడా కాదు. ఆఫీసు పనులు చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేచి పరిగెత్తే మామూలు మనుషుల గురించి. అలాంటి వాళ్ళ కోసం నూరేళ్ళ క్రితం మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఒక పరుగు గురించి.

దానికి ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెప్పాలి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రోజుల్లో, ఇరవై ఆరేళ్ళకే డాక్టర్ గారు బీపీ మెషిన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఏం బాబూ, కుర్చీలోంచి లేస్తావా అసలు?" అన్నారు. ఆ మాటకి సిగ్గుపడి మా కాలనీ రన్నింగ్ గ్రూపులో చేరాను. ఎనిమిది నెలల తర్వాత ధైర్యం చేసి హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. అంటే 21.1 కిలోమీటర్లు. పేరు చెప్పను, నగరంలో జరిగే చాలా రన్స్‌లో అదొకటి. కటాఫ్ మూడున్నర గంటలు అని బిబ్‌తో పాటు ఇచ్చిన కాగితం మీద రాసి ఉంది.

పదిహేనో కిలోమీటరు దాకా బాగానే ఉంది. తర్వాత పిక్కలు పట్టేశాయి. వెనకాల స్వీప్ వెహికల్ వస్తుంటుంది చూడండి, పరిగెత్తలేని వాళ్ళని ఎక్కించుకునే బండి. దాని ఇంజిన్ సౌండ్ వినిపిస్తూనే ఉంది. నా పక్కన మా గ్రూపులోనే ఉన్న ఒక ఆంటీ. వయసు 54, స్కూల్ టీచర్. ఇద్దరం కాసేపు నడుస్తూ, కాసేపు పరిగెడుతూ లాక్కొచ్చాం. మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి ఫినిష్ దగ్గరికి చేరాం. అంటే ఇంకా ఆరు నిమిషాలు టైమ్ ఉంది.

చూస్తే ఫినిష్ ఆర్చ్‌లో గాలి తీసేశారు. నేల మీద పడి ఉంది. టైమింగ్ మ్యాట్ చుట్టేసి ఆటో ట్రాలీలో వేస్తున్నారు. మెడల్స్ ఏవన్నా అని అడిగితే, "అందరూ వచ్చేశారు సార్, డబ్బా ప్యాక్ చేసేశాం" అన్నాడొక కుర్రాడు. తప్పు అతనిది కాదు పాపం, ఎవరో చెప్పింది చేస్తున్నాడు.

ఆంటీ ఏమీ అరవలేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ, "ఏం బాబూ, మనం పరిగెత్తినట్టా? పరిగెత్తనట్టా?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సరిగ్గా ఆ టైమ్‌లోనే మా కాలనీలో మేమే ఒక 10కె పెట్టాలని ప్లాన్ చేస్తున్నాం. కమిటీలో ఐదుగురం. కటాఫ్ ఎంత పెట్టాలి అన్న దగ్గర గొడవ. "గంటా ఇరవై నిమిషాలు చాలు, సీరియస్ రన్నర్సే వస్తారు, మనకీ పేరొస్తుంది" అని ఒకరు. "పోలీసు పర్మిషన్ రెండు గంటలే, అందులో సర్దుకోవాలి" అని ఇంకొకరు. ఆంటీకి 10 కిలోమీటర్లకి గంటా నలభై ఐదు పడుతుంది. ఆ రోజు మీటింగ్‌లో నేను నోరు విప్పలేదు. ఎందుకంటే నా దగ్గర వాదన లేదు, జాలి మాత్రమే ఉంది. జాలితో మీటింగ్‌లో గెలవలేం కదా.

ఆ వాదన వెతుక్కుంటూ పోతే దొరికింది ఈ కథ. దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ మారథాన్.

ఒక రైలు డ్రైవర్‌కి వచ్చిన ఆలోచన

పేరులో మారథాన్ అని ఉంది గానీ అది 42 కిలోమీటర్ల పరుగు కాదు. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ అనే రెండు ఊళ్ళ మధ్య దాదాపు 87 నుంచి 90 కిలోమీటర్లు. ఇందాక నేను చచ్చీ చెడీ పూర్తి చేశానన్న హాఫ్ మారథాన్ ఉంది చూశారూ, దాన్ని ఆగకుండా నాలుగు సార్లు చేసి, ఆ పైన ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు వేసుకోండి. అది కూడా చదునైన రోడ్డు కాదు. డర్బన్ సముద్రం ఒడ్డున ఉంది. పీటర్‌మారిట్స్‌బర్గ్ సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యలో రోడ్డు 800 మీటర్లు దాటి పైకి ఎక్కుతుంది. మామూలుగా ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, ఇంకో ఏడాది పై నుంచి కిందికి. అప్ రన్, డౌన్ రన్ అంటారు. కిందికి అయితే ఈజీ అనుకోకండి. దిగుడులో మోకాళ్ళూ తొడలూ ఎలా అరుస్తాయో మెట్లు దిగి తిరుమల నుంచి వచ్చిన వాళ్ళని అడగండి.

దీన్ని మొదలుపెట్టినాయన విక్ క్లాఫమ్. 1886లో లండన్‌లో పుట్టి, దక్షిణాఫ్రికాకి వెళ్ళి, రైల్వేలో ఇంజిన్ డ్రైవర్‌గా చేశాడు. ప్రొఫెషనల్ అథ్లెట్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేనల్ని తరుముతూ సుమారు 2,700 కిలోమీటర్లు కాలినడకన తిరిగాడు. ఎండ, మలేరియా, తిండి లేకపోవడం. పక్కన నడిచినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు.

యుద్ధం అయిపోయాక, పోయిన సహచరుల గుర్తుగా ఏదైనా చెయ్యాలనుకున్నాడు. విగ్రహం వద్దు, రాతి స్తంభం వద్దు. వాళ్ళు పడిన కష్టం ఎలాంటిదో ఒంటికి తెలిసేలా ఉండాలి. మాజీ సైనికుల సంఘం దగ్గరికి వెళ్ళి, రెండు ఊళ్ళ మధ్య పరుగు పెడదాం అన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. మనుషులు తట్టుకోలేరు అన్నారు. 1918లో అడిగాడు, కాదన్నారు. తర్వాత మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదన్నారు. అతని వాదన చాలా సింపుల్. ఆఫీసు కుర్చీల్లోంచి, షాపుల్లోంచి లాక్కొచ్చిన మామూలు మనుషుల్ని సగం ఆఫ్రికా నడిపించినప్పుడు మీకు ఈ డౌట్ రాలేదే!

చివరికి 1921లో ఒప్పుకున్నారు. ఖర్చులకి ఒక్క పౌండు ఇచ్చారు. అది కూడా తిరిగి ఇవ్వాలన్న షరతు మీద.

1921 మే 24. పీటర్‌మారిట్స్‌బర్గ్ సిటీ హాల్ ముందు 34 మంది నిలబడ్డారు. టైమ్ లిమిట్ 12 గంటలు. అప్పటికి రోడ్డు చాలా వరకు మట్టి రోడ్డే. బిల్ రోవన్ అనే ఆయన 8 గంటల 59 నిమిషాల్లో గెలిచాడు. మొత్తం 16 మంది పూర్తి చేశారు.

అదీ మొదలు. ఇప్పటిదాకా వింటే ఎంత మంచి కథ అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. మామూలు మనిషి, మామూలు మనుషుల కోసం పెట్టిన పరుగు. కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. "కామ్రేడ్స్" అంటే సహచరులు. ఎవరి సహచరులు?

స్టార్ట్ లైన్ దగ్గరే కటాఫ్

ఆ 34 మందీ తెల్లవాళ్ళు, అందరూ మగవాళ్ళు. అదేదో అనుకోకుండా జరిగింది కాదు. అధికారికంగా పరిగెత్తే హక్కు 1975 దాకా తెల్లజాతి మగవాళ్ళకి మాత్రమే ఉండేది. 54 ఏళ్ళు!

యుద్ధంలో తెల్లవాళ్ళు మాత్రమే పోయారా అంటే, కాదు. తూర్పు ఆఫ్రికా యుద్ధంలో సామాన్లు మోసింది, ఆ మోతతోనే చచ్చిపోయింది ఎక్కువగా ఆఫ్రికన్లే. 1917 ఫిబ్రవరి 21న ఇంగ్లీష్ చానెల్‌లో ఎస్.ఎస్. మెండి అనే ఓడ మునిగిపోయింది. ఫ్రాన్స్‌లో యుద్ధం పనుల కోసం తీసుకెళ్తున్న దక్షిణాఫ్రికా నల్లజాతి మనుషులు 600 మందికి పైగా అందులో చనిపోయారు. వాళ్ళూ ఆ యుద్ధంలో పోయిన సహచరులే. కానీ వాళ్ళ తమ్ముడో కొడుకో వచ్చి ఆ పరుగులో నిలబడతానంటే బిబ్ ఇవ్వరు.

ఇప్పుడు మన సంగతి. అవును, ఇందులో మనవాళ్ళూ ఉన్నారు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకి చేరింది. చెరకు తోటల్లో పని చెయ్యడానికి ఒప్పంద కూలీలని దించింది. అక్కడి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు అలా వెళ్ళారు. మద్రాసులో ఓడ ఎక్కిన వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. విశాఖ, గంజాం వైపు నుంచి, ఇటు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి. మాది విజయనగరం దగ్గర ఊరు. మా వైపు నుంచి ఓడ ఎక్కినవాళ్ళ మనవళ్ళు ఇప్పటికీ డర్బన్‌లో నాయుడు, రెడ్డి, అప్పలరాజు లాంటి పేర్లతో ఉంటారంటే చిన్నప్పుడు నేను నమ్మలేదు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు.

ఇంకో విషయం. కామ్రేడ్స్ మొదలైన పీటర్‌మారిట్స్‌బర్గ్ పేరు మీకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తోంది కదా? టెన్త్ సోషల్ గుర్తు తెచ్చుకోండి. 1893 జూన్ 7 రాత్రి, ఫస్ట్ క్లాస్ టికెట్ చేతిలో ఉన్నా గాంధీ గారిని రైల్లోంచి దించేసిన స్టేషన్ ఆ ఊరిదే. 1913లో అదే నటాల్‌లో, ఒప్పందం ముగిసిన భారతీయుల మీద వేసిన మూడు పౌండ్ల పన్ను తీసెయ్యాలని గనుల కార్మికులు సమ్మె చేశారు. 2 వేల మందికి పైగా, ఆడవాళ్ళూ పిల్లలూ సహా, సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచారు. మరుసటి ఏడాది ఆ పన్ను రద్దయింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు యుద్ధంలో నడిచారు, దాని గుర్తుగా పరుగు వచ్చింది. ఇంకొకరు హక్కు కోసం నడిచారు. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన ఆ పరుగులో వీళ్ళకి చోటు లేదు. ఆ రోడ్డు పక్కన నిలబడి నీళ్ళు అందించొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు. రోడ్డు మీదికి రాకూడదు.

రావద్దన్నా వచ్చినవాళ్ళు

కానీ మనుషులు రూల్ చూసి ఇంట్లో కూర్చోరు.

1923లో, అంటే మూడో ఏడాదే, ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ అప్లికేషన్ పెట్టుకుంది. ఆడవాళ్ళకి లేదన్నారు. ఆవిడ వచ్చి అందరితో పాటు పరిగెత్తేసింది. 11 గంటల 35 నిమిషాలు. 12 గంటల లిమిట్ లోపలే! మెడల్ ఇవ్వలేదు. రోడ్డు పక్కన చూసిన జనం, తోటి రన్నర్లు చందాలు వేసుకుని ఆవిడకి వెండి టీ సెట్టు కొనిచ్చారు. సంఘం ఇవ్వనిది జనం ఇచ్చారు, చూశారా. తర్వాత 1931 నుంచి 1933 దాకా జెరాల్డిన్ వాట్సన్ అనే ఆవిడ వరసగా మూడేళ్ళు ఇలాగే పరిగెత్తింది.

1935లో రాబర్ట్ మ్చాలీ. కామ్రేడ్స్ పూర్తి చేసినట్టు నమోదైన మొదటి నల్లజాతి రన్నర్. 9 గంటల 30 నిమిషాలు. ఇది మామూలు టైమ్ కాదు ఫ్రెండ్స్, ఇవాళ పరిగెత్తే వాళ్ళలో కూడా ఎక్కువమంది దాని దరిదాపులకి రాలేరు. కానీ అఫీషియల్ రిజల్ట్స్‌లో ఆయన లేడు.

ఇదే టైమ్‌లో ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. ఆర్థర్ న్యూటన్. రైతు. తన పొలం చుట్టూ ఉన్న భూమిని ప్రభుత్వం నల్లజాతి వాళ్ళకి కేటాయించిందని, దాంతో తను నష్టపోయానని, పరిహారం కావాలని పోరాడాడు. ఎవరూ వినలేదు. పేపర్లలో పేరు వస్తే అయినా వింటారేమో అని, 1922 జనవరి 1న పరుగు ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. ఐదు నెలలు కూడా కాలేదు, 39 ఏళ్ళ వయసులో కామ్రేడ్స్ గెలిచేశాడు. మొత్తం ఐదు సార్లు గెలిచాడు. రోజూ నెమ్మదిగా, ఎక్కువ దూరం పరిగెత్తాలి అన్న పద్ధతిని ప్రపంచానికి చూపించిన వాళ్ళలో ఆయన ముందుంటాడు. ఇవాళ మన కోచ్‌లు "ఈజీ పేస్‌లో లాంగ్ రన్ చెయ్యి" అంటారే, దాని వెనక ఆయన ఉన్నాడు.

ఇప్పటికీ దారి మధ్యలో కొండ గట్టుకి ఒక గూడు లాంటిది ఉంటుంది. ఆర్థర్స్ సీట్ అంటారు. అక్కడ పువ్వు పెట్టి "గుడ్ మార్నింగ్ ఆర్థర్" అంటే రెండో సగం బాగా వెళ్తుందని రన్నర్ల నమ్మకం. నేను దీని గురించి చాలాసేపు ఆలోచించాను. న్యూటన్ కోపంలో అన్యాయం జరిగిందన్న బాధ నిజమే. కానీ ఆ బాధని పరుగుతో లోకానికి చెప్పుకునే అవకాశం అతనికి ఉంది. అతను ఫిర్యాదు చేసిన ఆ పక్క పొలాల మనుషులకి అదే రోడ్డు మీద పరిగెత్తే అవకాశమే లేదు. ఒకే రోడ్డు, ఒకే కష్టం. ఒకరికి స్మారకం, ఇంకొకరికి రిజల్ట్ షీట్‌లో ఖాళీ గడి.

ఆ తలుపు 1975లో తెరుచుకుంది. అది యాభయ్యో కామ్రేడ్స్. ఆడవాళ్ళకి, అన్ని జాతుల వాళ్ళకి అధికారికంగా అనుమతి ఇచ్చారు. గమనించండి, ఇది అపార్థీడ్ పోవడానికి చాలా ముందు. అలాగని అక్కడితో అంతా అయిపోలేదు. 1981లో రిపబ్లిక్ ఇరవయ్యో వార్షికోత్సవాలతో పరుగుని కలిపేస్తే, కొందరు రన్నర్లు చేతికి నల్ల బ్యాండ్ కట్టుకుని పరిగెత్తారు. వాళ్ళలో బ్రూస్ ఫోర్డైస్ అనే ఇరవై ఐదేళ్ళ కుర్రాడు ఉన్నాడు. జనం వెక్కిరించారు, టమాటాలు విసిరారు. ఆ ఏడాది గెలిచింది అతనే. తర్వాత ఇంకో ఎనిమిది సార్లు గెలిచాడు. 1989లో సామ్ షబలాలా గెలిచాడు, కామ్రేడ్స్ గెలిచిన మొదటి నల్లజాతి రన్నర్. అదే ఏడాది ఫ్రిత్ వాన్ డెర్ మెర్వే అనే ఆవిడ 5 గంటల 54 నిమిషాల్లో వచ్చి, మగవాళ్ళతో కలిపి లెక్కేసినా 15వ స్థానంలో నిలిచింది. ఆడవాళ్ళ వల్ల కాదన్న వాళ్ళకి ఇంకేం జవాబు కావాలి?

ఇంకో మార్పు 1995లో. అప్పటిదాకా మే 31న, అంటే పాత రిపబ్లిక్ డే నాడు జరిగే పరుగుని జూన్ 16కి మార్చారు. 1976లో సొవెటో స్కూల్ పిల్లలు తిరగబడిన రోజు అది. ప్రైజ్ మనీ ఇవ్వడం మొదలైంది కూడా ఆ ఏడాదే. 2019లో 10 గంటల లోపు పూర్తి చేసిన వాళ్ళకి కొత్త మెడల్ పెట్టారు. దాని పేరు రాబర్ట్ మ్చాలీ మెడల్. 84 ఏళ్ళు పట్టింది, కానీ ఆ ఖాళీ గడి నిండింది.

తుపాకీ, వెనక్కి తిరిగిన మనిషి

ఇప్పుడు నా అసలు ప్రశ్నకి వద్దాం. కటాఫ్.

కామ్రేడ్స్ చాలా కటువైన పరుగు. లిమిట్ 12 గంటలు. 1928లో దాన్ని 11కి తగ్గించారు. 2000లో 75వ పరుగుకి మళ్ళీ 12 చేశారు, 2003 నుంచి 12 గంటలే పర్మనెంట్. మధ్యలో కూడా కొన్ని చోట్ల కటాఫ్‌లు ఉంటాయి. ఫలానా టైమ్‌కి అక్కడికి చేరకపోతే రోడ్డు మీద నుంచి తప్పుకోవాల్సిందే.

ముగింపు ఎలా ఉంటుందో యూట్యూబ్‌లో చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది. 12 గంటలు దగ్గర పడుతుంటే ఒక అధికారి ఫినిష్ లైన్ మీద నిలబడతాడు. చేతిలో తుపాకీ. వచ్చే వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడతాడు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో అతనికి కనపడకూడదు. టైమ్ అవగానే పేలుస్తాడు. వాలంటీర్లు లైన్‌కి అడ్డంగా వచ్చేస్తారు. 90 కిలోమీటర్లు పరిగెత్తి, ఒక్క అడుగు దూరంలో పడిపోయినా అంతే. మెడల్ లేదు.

మొదటిసారి చూసినప్పుడు ఇదేం క్రూరత్వం అనుకున్నాను. మా కమిటీలో గంటా ఇరవై అన్నాయన గుర్తొచ్చాడు. కానీ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాక ఇంకోటి కనిపించింది. స్టేడియం నిండా జనం. గెలిచిన వాళ్ళు ఆరేడు గంటల క్రితమే వచ్చేశారు. అయినా జనం ఇంటికి పోలేదు! టీవీ లైవ్ నడుస్తూనే ఉంది. పడిపోతున్న వాడిని అటూ ఇటూ ఇద్దరు ముక్కూ మొహం తెలియని వాళ్ళు భుజాల మీద వేసుకుని లాక్కొస్తుంటారు. వాళ్ళ సొంత మెడల్ పోతుందేమో అన్న భయం ఉన్నా వదలరు. చిట్టచివరి మెడల్ తీసుకున్న మనిషికి గెలిచినవాడికి పడినన్ని చప్పట్లు పడతాయి. 11 నుంచి 12 గంటల మధ్య వచ్చిన వాళ్ళకి ఇచ్చే మెడల్‌కి ఎవరి పేరు పెట్టారో తెలుసా? విక్ క్లాఫమ్. ఈ పరుగు పెట్టిన మనిషి పేరు చివర వచ్చేవాళ్ళకి ఇచ్చారు.

వాలీ హేవర్డ్ అని ఒకాయన ఉన్నాడు. 1930లో 21 ఏళ్ళప్పుడు గెలిచాడు. తర్వాత నలభైల్లో పడ్డాక ఇంకో నాలుగు సార్లు గెలిచాడు. 1989లో 80 ఏళ్ళ వయసులో మళ్ళీ పరిగెత్తాడు. అప్పుడు లిమిట్ 11 గంటలు. ఆయన లైన్ దాటేసరికి ఇంకా 1 నిమిషం 57 సెకన్లు మాత్రమే ఉంది. ఐదు సార్లు ఫస్ట్ వచ్చిన మనిషి! ఆయనకీ అదే తుపాకీ, అదే గడియారం. అక్కడ నాకు నా వాదన దొరికింది.

కటాఫ్ తప్పు కాదు. రోడ్డు ఎప్పటికీ మూసి ఉంచలేం. అంబులెన్స్ వెళ్ళాలి, వాలంటీర్లకి ఇల్లుంది, పోలీసులకి డ్యూటీ ఉంది. గడువు అనేది అందరికీ ఒకటే అయినప్పుడు, ముందే చెప్పినప్పుడు, చివరి సెకను దాకా ఆ మాట నిలబెట్టుకున్నప్పుడు అది గౌరవమే. నువ్వు వస్తావని మేం నమ్ముతున్నాం, ఇంతసేపు నీ కోసం నిలబడతాం అని అర్థం. అసలు క్రూరమైన కటాఫ్‌లు రెండున్నాయి. ఒకటి 1975కి ముందుది, స్టార్ట్ లైన్ దగ్గరే "నువ్వు వద్దు" అనేది. రెండోది నాకూ ఆంటీకీ జరిగింది. ఇంకా ఆరు నిమిషాలు ఉండగానే ఆర్చ్‌లో గాలి తీసెయ్యడం. అంటే, మీరు వచ్చినా రాకపోయినా ఒకటే అని చెప్పడం. తుపాకీ పేల్చే ఆయన కనీసం మనల్ని లెక్కలోకి తీసుకున్నాడు కదా!

మా కాలనీ 10కె

తర్వాతి మీటింగ్‌లో ఇదంతా చెప్పాను. కాస్త ఓవర్ చేశాననుకోండి, ప్రొజెక్టర్ కూడా పెట్టాను. నవ్వారు. కానీ ఒప్పుకున్నారు. పర్మిషన్ రెండు గంటలు కాబట్టి కటాఫ్ గంటా యాభై నిమిషాలు, సర్దుకోవడానికి పది నిమిషాలు. ఆర్చ్, గడియారం, మెడల్ డబ్బా, అరటిపళ్ళు, నీళ్ళు గంటా యాభై దాకా కదలకూడదు. కమిటీ ఐదుగురూ ఫినిష్ దగ్గర చివరి దాకా ఉండాలి. చివరి మెడల్ వేసే పని నాకు అప్పగించారు.

ఆంటీ గంటా నలభై ఆరు నిమిషాలకి వచ్చారు. చీర కాదు, ఈసారి మనవరాలు కొనిచ్చిన ట్రాక్ ప్యాంట్‌లో. మెడల్ వేస్తుంటే, "ఇప్పుడు పరిగెత్తినట్టే కదా బాబూ?" అన్నారు. నాకు మాట రాలేదు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ నిజం చెప్పాలి. గంటా యాభై రెండు నిమిషాలకి ఇంకొకాయన వచ్చాడు. మా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. నైట్ డ్యూటీ చేసి, యూనిఫామ్ మార్చుకుని, నేరుగా స్టార్ట్ దగ్గరికి వచ్చాడని తర్వాత తెలిసింది. రెండు నిమిషాలు. డబ్బాలో మెడల్స్ ఉన్నాయి. కమిటీ వాళ్ళు నా మొహం చూస్తున్నారు. గంటా ఇరవై చాలన్నాయనే, "ఇచ్చెయ్ బ్రో, ఎవరు చూస్తారు" అన్నాడు.

నేను ఇవ్వలేదు. ఇస్తే, రెండు నిమిషాల ముందు ఊపిరి బిగపట్టి లైన్ దాటిన ముగ్గురికీ నేను ఇచ్చిన మాట అబద్ధం అవుతుందనిపించింది. ఆయన దగ్గరికి వెళ్ళి, "అన్నా, టైమ్ అయిపోయింది, రెండు నిమిషాలు లేటు" అని చెప్పాను. గడియారం ఇంకా నడుస్తోంది, ఆయన దాన్ని చూశాడు. ఆయన టైమ్ మాత్రం రిజల్ట్స్‌లో రాశాం, పేరుతో సహా. అరటిపండు తీసుకుని, "సరే తమ్ముడూ, వచ్చేసారి ఆ రోజు డే డ్యూటీ వేయించుకుంటా" అని వెళ్ళిపోయాడు.

ఆ తుపాకీ ఆయన వీపు ఎందుకు తిప్పి నిలబడతాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మొహం చూస్తే పేల్చలేడు.

నేను చేసింది కరెక్టా కాదా అని ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది. అందరికీ ఒకే గడియారం అన్నాను. కానీ రాత్రంతా పడుకుని లేచి వచ్చిన నాకూ, రాత్రంతా గేటు దగ్గర నిలబడి వచ్చిన ఆయనకీ ఒకే గడియారం పెట్టడం నిజంగా సమానమేనా? కామ్రేడ్స్ నూరేళ్ళలో తలుపు తెరవడం నేర్చుకుంది. తలుపు దాకా ఎవరు ఎంత అలసిపోయి వస్తున్నారో గడియారానికి తెలీదు. వచ్చే ఏడాది మా 10కె ఆదివారం ఉదయం కాకుండా సాయంత్రం పెట్టొచ్చేమో అని కమిటీలో అడగబోతున్నాను. ఈసారి నా దగ్గర వాదన ఉంది.

మీరైతే ఆ మెడల్ ఇచ్చేవాళ్ళా? కామెంట్స్‌లో చెప్పండి. అలాగే మీ ఊళ్ళో జరిగిన రన్‌లో చివర వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కథ కూడా రాయండి. ఫస్ట్ వచ్చిన వాళ్ళ కథలు ఎలాగూ పేపర్లో వస్తాయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.